నవ్వించేవాడు, నవ్వులపాలయ్యేవాడు: ఆంగ్ల హాస్యవిశేషణాల ఎంపికకు నెల్లూరు సాహిత్యసాక్ష్యం

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో నవ్వు పుట్టించే మనిషినీ మాటనూ వర్ణించడానికి ఫన్నీ, హ్యూమరస్, విట్టీ, కామిక్, కామికల్, లూడిక్రస్, ఫెసీషియస్ వంటి విశేషణాలు అనేకం ఉన్నాయి. తెలుగు సాహిత్యవిమర్శ వీటిలో చాలావాటిని ‘హాస్యం’ అనే ఒక్క మాట కిందికి చేర్చింది. ఈ విశేషణాల మధ్య భేదం నవ్వు తీవ్రతలో లేదు. నవ్వించినవాడి ఉద్దేశంలోనూ, ఆ నవ్వు ఎవరిమీద పడుతున్నదన్న విషయంలోనూ ఉంది. నెల్లూరు సీమకు సంబంధించిన మూడు కాలాల సాక్ష్యాల ఆధారంగా ఈ వ్యాసం ఆ భేదాన్ని పరిశీలిస్తుంది. అవి తిక్కన విరాటపర్వంలోని ఉత్తరుని ఘట్టం, వేదం వేంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకం, నెల్లూరు యాసతో తెలుగు తెరపై ప్రసిద్ధుడైన రమణారెడ్డి నటన. విశేషణం ఎంపిక భాషావిషయం మాత్రమే కాదనీ, మనిషికి సమాజంలో ఇచ్చే స్థానాన్ని గురించిన తీర్పు కూడా అందులో ఉంటుందనీ నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: హాస్యం, చమత్కారం, పాత్రోచితభాష, ప్రతాపరుద్రీయం, ఉత్తరకుమారుడు, నెల్లూరు యాస, అనువాదం.

1. ప్రవేశిక

కోరమండల్ తీరంలో ఆంగ్లేయులు తొలినాళ్లలో స్థావరం ఏర్పరచుకున్న చోట్లలో దుగరాజపట్నం ఒకటి. దాన్ని వారు ఆర్మగాన్ అని వ్యవహరించారు. 1626 ప్రాంతంలో అక్కడ వర్తకస్థానం వెలసింది. 1639లో మద్రాసు స్థలం వారికి దక్కిన తరువాత దాని ప్రాముఖ్యం తగ్గిపోయింది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఆ గ్రామం నేడు తిరుపతి జిల్లాలో ఉంది.

ఆ వర్తకులు తీరానికి తెచ్చిన ఆంగ్లం నేటి తరగతిగదుల్లో బోధించే ఆంగ్లం కాదు. షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటి వెలువడి అప్పటికి మూడేళ్లే అయింది. బెన్ జాన్సన్ ఇంకా జీవించే ఉన్నాడు. నాటి వాడుకలో హ్యూమర్ ప్రధానంగా దేహంలోని రసధాతువు, దానివల్ల ఏర్పడే స్వభావం. విట్ అంటే బుద్ధి, మేధ. నేడు అందరి నోటా వినిపించే ఫన్నీ అనే విశేషణం అప్పటికి పుట్టనే లేదు. ఇంగ్లీషు నేర్చుకొనేవారు శాశ్వతమైనవిగా భావించే అర్థభేదాలు నిజానికి ఈ నాలుగు శతాబ్దాలలో క్రమంగా ఏర్పడినవే.

ఈ భేదాలు తెలుగు అధ్యాపకునికీ పరిశోధకునికీ ఎదురయ్యే సందర్భాలు రెండు. మొదటిది అనువాదం. తెలుగు నాటకంలోని ఒక పాత్రను ఆంగ్లంలో పరిచయం చేయవలసివచ్చినప్పుడు ఆ పాత్ర విట్టీయా, కామికలా అన్న ప్రశ్న తప్పదు. రెండవది విమర్శ. ఆంగ్ల పరిభాష ఆధారంగా తెలుగు రచనలను వింగడించేటప్పుడు ‘హాస్యపాత్ర’ అన్న ఒక్క మాటతో పని ముగించడం పరిపాటి అయింది. ఈ రెండు సందర్భాలలోనూ పొరపాటుకు మూలం ఒకటే. నవ్వించేవాణ్ణీ నవ్వులపాలయ్యేవాణ్ణీ ఒకే గాటన కట్టడమే ఆ మూలం.

2. ఆంగ్ల విశేషణాల వెనుక ఉన్న చరిత్ర

హ్యూమర్ అనే మాటకు మూలం లాటిన్‌లో తేమను, ద్రవాన్ని తెలిపే పదం. శరీరంలో నాలుగు ధాతువులుంటాయనీ, వాటిలో ఒకటి ప్రకోపిస్తే మనిషి స్వభావం ఆ వైపు మొగ్గుతుందనీ యూరపు వైద్యశాస్త్రం చాలాకాలం విశ్వసించింది. 1598లో ప్రదర్శితమైన జాన్సన్ నాటకం ‘ఎవ్రీ మ్యాన్ ఇన్ హిజ్ హ్యూమర్’ ఈ భావనను రంగస్థలానికి అన్వయించింది. ఏదో ఒక స్వభావం హద్దు మీరినవాడు వింతమనిషి అయ్యాడు. ఆ వింతమనిషిని చూసి లోకం నవ్వింది. తరువాతి కాలంలో అటువంటి వింతలను గుర్తించి సానుభూతితో చూపగలిగినవాడి గుణానికే హ్యూమర్ అనే పేరు వచ్చింది. ఈ విధంగా ఆ మాట నవ్వుకు గురయ్యేవాడి నుంచి నవ్వించేవాడి వైపు ప్రయాణించింది.

విట్ చరిత్ర వేరు. అది ‘తెలియు’ అనే అర్థమున్న ప్రాచీన జర్మానిక్ ధాతువుకు చెందినది. 1690లో జాన్ లాక్ పోలికలను చురుకుగా పట్టుకొనే శక్తిని విట్‌గానూ, భేదాలను నిదానంగా వేరుచేసే శక్తిని జడ్జ్‌మెంట్‌గానూ విభజించాడు. 1711లో అడిసన్ ‘స్పెక్టేటర్’ వ్యాసాలలో ఈ విభజనను విస్తరించి నిజమైన విట్‌నూ కేవల శబ్దక్రీడనూ వేరుపరచాడు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలకు ‘స్పెక్టేటర్’ ఒరవడి అయిందన్న విషయం తెలుగు పరిశోధకులకు సుపరిచితం. అయితే వ్యాసప్రక్రియ తెలుగులోకి వచ్చినంత స్పష్టంగా దాని వెనుక ఉన్న పరిభాష రాలేదు.

మిగిలిన విశేషణాల కథలు కూడా ఆలోచింపజేస్తాయి. ఫెసీషియస్ అనే మాట ఒకప్పుడు నాగరికమైన చమత్కారానికి ప్రశంస. నేడది సమయాసమయాలు చూడకుండా వేళాకోళమాడేవాడి మీద నింద. ఫన్నీకి మూలమైన ఫన్ తొలుత మోసపుచ్చడం, బూటకం అనే అర్థాలలో ఉండేది. 18వ శతాబ్ది మధ్యభాగంలో ఫన్నీ ‘నవ్వు పుట్టించే’ అనే అర్థంతో స్థిరపడగా, 19వ శతాబ్దిలో దానికి ‘వింతైన, అనుమానించదగిన’ అనే రెండో అర్థం కూడా తోడైంది. కామిక్, కామికల్ అనే జంటలో మొదటిది హాస్యప్రక్రియకు సంబంధించినది, హాస్యం కోసమే ఉద్దేశించినది. రెండవది, ఉద్దేశం ఉన్నా లేకపోయినా, చూసేవారికి నవ్వు తెప్పించేది.

ఈ వైవిధ్యాన్ని క్రమబద్ధం చేసిన ప్రయత్నాలలో 1926లో వెలువడిన ఫౌలర్ ఆంగ్ల వాడుక నిఘంటువు ముఖ్యమైనది. హ్యూమర్, విట్, సెటైర్, సర్కాజం, ఐరనీ మొదలైనవాటిని ఆయన ఒక పట్టికలో అమర్చాడు. ఒక్కొక్కదానికి ప్రయోజనం, క్షేత్రం, పద్ధతి, శ్రోతలు అనే నాలుగు కొలతలు పెట్టాడు. ఆ పట్టిక ప్రకారం హ్యూమర్‌కు క్షేత్రం మానవస్వభావం, దాని శ్రోతలు సానుభూతిపరులు. విట్‌కు క్షేత్రం మాటలూ భావాలూ, దాని శ్రోతలు బుద్ధిశాలులు. నవ్వు ఎంత పెద్దదన్న ప్రశ్న ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఎవరు, దేనితో, ఎవరికోసం అన్నవే అందులోని ప్రశ్నలు.

3. అలంకారశాస్త్రం, తెలుగు పలుకుబడి

నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయం హాస్యాన్ని మరో దారిలో విభజించింది. స్మితం, హసితం ఉత్తమ ప్రకృతులకు, విహసితం, ఉపహసితం మధ్యములకు, అపహసితం, అతిహసితం అధములకు చెందుతాయి. ఈ ఆరు భేదాలూ నవ్వేవాడి అంతస్తునూ అతని నవ్వు తీరునూ చెబుతాయి. నవ్వించిన మాట స్వరూపాన్ని చెప్పవు. వికృతమైన వేషం, అసంబద్ధమైన పలుకు, అంగవైకల్యం మొదలైనవి హాస్యానికి విభావాలుగా ఒకే వరుసలో నిలుస్తాయి. అయితే ఆత్మస్థం, పరస్థం అనే మరో విభజన అక్కడే ఉంది. తాను నవ్వడం ఆత్మస్థం, ఇతరులను నవ్వించడం పరస్థం. ఆంగ్ల విశేషణాల చర్చకు ఆరు భేదాలకంటె ఈ జంట దగ్గరగా ఉన్నప్పటికీ, నవ్వించినవాడు తెలిసి నవ్వించాడా అన్న ప్రశ్నకు అది కూడా జవాబివ్వదు.

ఆ జవాబు తెలుగు పలుకుబడిలో ఉంది. తెలుగు ఈ భేదాలను విశేషణాలలో కాక క్రియలలో దాచుకుంది. ఒకడు నవ్విస్తాడు, మరొకడు నవ్వులపాలవుతాడు. సరసమాడడంలో ఇద్దరికీ చనువు ఉంది. మేలమాడడంలో చనువుతోపాటు కొంటెతనం ఉంది. ఎగతాళి చేయడంలో ఎదుటివాడు లక్ష్యం. ఎత్తిపొడవడంలో నవ్వుకంటె గాయం ఎక్కువ. గేలి చేయడానికి గుంపు కావాలి. ఎకసెక్కంలో తక్కువచేసి మాట్లాడే ధోరణి ఉంది. వెటకారంలో మాట ఒకటి, స్వరం మరొకటి. ఛలోక్తికి మాత్రం విన్నవాడి బుద్ధి తోడు కావాలి. ఫౌలర్ నాలుగు కొలతలతో చెప్పిన భేదాలలో అధికభాగం ఈ క్రియలలోనూ నామాలలోనూ ఇమిడి ఉంది.

విశేషణానికి వచ్చేసరికి ‘హాస్య’ అనే సంస్కృతపదం ముందుకు వచ్చి ఈ సంపదను వెనక్కి నెట్టింది. వీరేశలింగం 1876లో ‘హాస్యసంజీవని’ పత్రికను వెలువరించిన నాటి నుంచి ముద్రణలో ఆ పదం వ్యాప్తి పెరిగింది. హాస్యపత్రిక, హాస్యకథ, హాస్యనటుడు, హాస్యపాత్ర అనే సమాసాలు క్రమంగా స్థిరపడ్డాయి. ‘హాస్యాస్పదం’ అన్నప్పుడు మాత్రమే అదే పదం నిందగా మారుతుంది. హాస్యభరితమైన మాట మెప్పు, హాస్యాస్పదమైన మాట తిరస్కారం. హ్యూమరస్, రిడిక్యులస్ అనే రెండు మాటల నడుమ ఉన్న దూరమే ఇక్కడ ఒకే పదం రెండు సమాసాల నడుమ ఉంది.

ఫన్నీలోని రెండర్థాలకు తెలుగులో మంచి జోడు ‘తమాషా’. అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చిన ఈ మాట తెలుగువాడుకలో ఇంటిమాట అయింది. నెల్లూరు సీమ 1801 వరకు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండడం వల్ల అక్కడి వ్యవహారంలో ఇటువంటి మాటలకు చోటు సహజం. ‘తమాషా మనిషి’ అన్నప్పుడు నవ్వించేవాడనీ, అంతుపట్టనివాడనీ రెండు అర్థాలు సందర్భాన్ని బట్టి పలుకుతాయి. ‘వికటకవి’ అన్న ప్రసిద్ధనామంలోనూ ఇదే ద్వైధం కనిపిస్తుంది. వికటమంటే వంకర, విపరీతం. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఆ మాట వింతనూ నవ్వునూ ఒకచోట చేర్చి, దానిని కవికి బిరుదుగా మార్చింది.

4. ఉత్తరుడు, బృహన్నల: తిక్కన ఘట్టం

తిక్కన 13వ శతాబ్దిలో నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్నాడు. భారతంలోని పదిహేను పర్వాలను విరాటపర్వంతో మొదలుపెట్టి తెనిగించాడు. ఆయన రచనలోని నాటకీయతను విమర్శకులు ఏకకంఠంగా అంగీకరించారు. ఆ నాటకీయత ఈ చర్చకు ఉపకరించే ఘట్టం ఉత్తరగోగ్రహణం.

కౌరవులు ఆవులను పట్టుకున్నారన్న వార్త అంతఃపురానికి చేరినప్పుడు, తగిన సారథి ఉంటే తానొక్కడే సేనను గెలుస్తానని ఉత్తరుడు స్త్రీల ముందు ప్రగల్భాలు పలుకుతాడు. సారథిగా బృహన్నలను ఇస్తారు. సేనను చూడగానే ఉత్తరుడు రథం దిగి పారిపోతాడు. అంతకుముందు బృహన్నల కవచం తొడుక్కోవడం రానట్టు నటించగా కన్నెలు నవ్వడం భారతకథలో ఉంది. అంతఃపుర కన్యలు బొమ్మపొత్తికలు తెమ్మని కోరడం ఈ ఘట్టానికి మరింత వన్నె తెచ్చింది.

ఒకే ఘట్టంలో ఇద్దరు వ్యక్తులు నవ్వు పుట్టిస్తున్నారు. ఉత్తరుడు నవ్వించాలని అనుకోలేదు. అతని మాటకూ చేతకూ నడుమ ఉన్న దూరమే నవ్వుకు కారణం. అతణ్ణి ఆంగ్లంలో లూడిక్రస్ లేదా కామికల్ అనాలి. హ్యూమరస్ అంటే తప్పు. బృహన్నల కవచంతో తడబడడం తెలిసి చేసిన పని. చూసేవారు తనను నవ్వులపాలైన నాట్యాచార్యునిగా భావించాలని అర్జునుని ఉద్దేశం. అతని చేష్ట కామిక్. దాని వెనుక ఉన్న వాస్తవం పాఠకునికి తెలుసు గనుక ఐరనీ కూడా అందులో ఉంది. కన్నెలకు ఆ చేష్ట కామికల్‌గా తోస్తుంది, పాఠకునికి ఐరానికల్‌గా తోస్తుంది. ఒకే చేష్టకు తగిన విశేషణం చూసేవాడి జ్ఞానాన్ని బట్టి మారుతున్నది.

తరువాత విరాటుని సభలోనూ ఇదే నిర్మాణం కొనసాగుతుంది. రాజు కొడుకు పరాక్రమాన్ని పొగడుతుంటాడు. కంకుడు బృహన్నల ప్రసక్తి తెస్తుంటాడు. కంకుని మాట రాజుకు పరిహాసంగా, అవమానంగా తోస్తుంది. నిజానికి అది పచ్చి సత్యం. ఇక్కడ నవ్వు విషాదం అంచుదాకా వెళుతుంది. ఆగ్రహించిన రాజు పాచికతో కంకుణ్ణి కొడతాడు. మాట పరిహాసమా కాదా అన్న నిర్ణయంలో పొరపడితే రక్తం చిందవచ్చునని ఈ సన్నివేశం చెబుతున్నది.

తెలుగులో ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అనేది నానుడి అయింది. బృహన్నల కవచం మాత్రం నానుడి కాలేదు. నవ్వులపాలైనవాడే జాతీయంలో నిలిచాడు. తెలిసి నవ్వించినవాణ్ణి గుర్తుంచుకోవడానికి కథాసందర్భం కావలసివచ్చింది. తిక్కన కాలానికి విట్, హ్యూమర్ అనే వర్గాలు లేకపోయినా వాటికి ఆధారమైన భేదం ఆయన రచనలో ఉంది. ఆ భేదం విశేషణంలో కాక, ఎవరికి ఏది తెలుసునన్న సంవిధానంలో ఉంది.

5. ప్రతాపరుద్రీయం: మూడు నవ్వులు

వేదం వేంకటరాయశాస్త్రి (1853–1929) మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో సంస్కృత పండితునిగా పనిచేశాడు. నెల్లూరుతో ఆయనకు గాఢమైన అనుబంధం ఉంది. నెల్లూరులోని ఆంధ్రభాషాభిమాని సమాజం ఆయన నాటకాలను ప్రదర్శించి వ్యాప్తిలోకి తెచ్చింది. 1897లో వెలువడిన ప్రతాపరుద్రీయం వాటిలో అత్యంత ప్రసిద్ధం. కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తానుకు బందీ కావడం, మంత్రి యుగంధరుడు పన్నాగంతో అతణ్ణి విడిపించడం ఇతివృత్తం.

ఈ నాటకంలో మూడు రకాల నవ్వులను గుర్తించవచ్చు. మొదటిది పేరిగాడికి సంబంధించినది. అతడు రూపంలో రాజును పోలిన చాకలి. తన కులవ్యవహారంలోని తెలుగు మాట్లాడతాడు. రెండవది యుగంధరునిది. అతడు పిచ్చివాడి వేషంలో శత్రునగరంలో తిరుగుతూ తాను చేయబోయే పనినే బహిరంగంగా ప్రకటిస్తాడు. మూడవది చెకుముకి శాస్త్రి వంటి పాత్రల మాటనేర్పు. చెకుముకి అనే పేరులోనే రాపిడికి రాలే నిప్పురవ్వ ఉంది. విట్ అనే గుణానికి తెలుగులో ఇంతకంటె క్లుప్తమైన ప్రతీక దొరకడం కష్టం.

ఈ మూడింటికీ ‘హాస్యం’ అన్న ఒకే పేరు పెడితే నాటకనిర్మాణం కనబడకుండా పోతుంది. యుగంధరుని పిచ్చిమాటలు వీధిలోని జనానికి ఫన్నీ. ఆ మాటలో రెండర్థాలూ, అంటే నవ్వూ వింతా, ఇక్కడ సరిపోతాయి. ప్రేక్షకునికి అవే మాటలు ఐరానికల్. అతని రక్షణ మొత్తం ఈ రెండు విశేషణాల నడుమ ఉన్న ఎడంమీద ఆధారపడింది. జనం అతని మాటను ఐరానికల్‌గా గ్రహించిన క్షణాన అతని ప్రాణం పోతుంది.

పేరిగాడి విషయం మరింత జటిలం. అతడు హాస్యపాత్రగా ప్రసిద్ధుడు. అతడు దేనివల్ల నవ్వు పుట్టిస్తున్నాడన్న ప్రశ్న వేస్తే రెండు జవాబులు వస్తాయి. ఒకటి సన్నివేశం. రాజలాంఛనాల నడుమ చాకలి కూర్చోవడంలోని అసంగతత్వం నవ్వు తెప్పిస్తుంది. రెండవది భాష. చుట్టూ ఉన్నవారు శిష్టభాష మాట్లాడుతుండగా అతడు గ్రామ్యం మాట్లాడతాడు. సంస్కృతనాటకాలలో నీచపాత్రలకు ప్రాకృతం విధించిన సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని వేదంవారు తెలుగునాటకంలో గ్రామ్యానికి చోటు కల్పించారు. పాత్రోచితభాష అన్న ఈ సూత్రాన్ని ఆయన ప్రత్యేకరచనలో సమర్థించారు. తరువాత వ్యావహారికభాషావాదాన్ని ఆయన వ్యతిరేకించడం ఈ సూత్రానికి విరుద్ధం కాదు. గ్రామ్యం పాత్ర నోట ఉండవచ్చు, గ్రంథకర్త నోట ఉండరాదన్నది ఆయన నిలకడైన వైఖరి.

సన్నివేశం వల్ల నవ్వు వస్తే పేరిగాడు కామికల్. అతడు తన మాటతో పెద్దల డాంబికాన్ని బయటపెడితే అతడు డ్రోల్, ఒక్కొక్కచోట విట్టీ కూడా. కేవలం అతని యాస వల్లనే నవ్వు వస్తే విశేషణం అతనికి చెందదు, నవ్వేవారికి చెందుతుంది. చాకలివాడి ఇంట్లో ఆ మాట నవ్వు తెప్పించదు. అక్కడది మామూలు మాట. ‘-గాడు’ అని పేరు చివర చేర్చి పిలవడంలోనే అతని అంతస్తు నిర్ణయమైపోయింది. ఆ అంతస్తును బట్టి అతని భాష హాస్యంగా లెక్కకు వచ్చింది. నాట్యశాస్త్రం నవ్వేవారిని ఉత్తమ, మధ్యమ, అధములుగా విభజిస్తే, ఇక్కడ నవ్వుకు గురయ్యే భాషకే ఆ విభజన వర్తించింది.

వేదంవారి కృషిని ఈ దృష్టితో తక్కువ చేయడం న్యాయం కాదు. చాకలి పలుకుబడిని శ్రద్ధగా విని, అక్షరబద్ధం చేసి, రంగస్థలం మీద ప్రధాన సన్నివేశంలో నిలబెట్టిన పండితుడు ఆయన. రాజుకూ చాకలికీ రూపంలో భేదం లేదన్న కల్పన కూడా ఆలోచింపదగినదే. ఇద్దరినీ వేరుచేసేది మాట మాత్రమే. నాటకం ఈ విషయాన్ని చూపింది. ‘హాస్యపాత్ర’ అన్న ముద్ర దాన్ని కప్పివేసింది.

6. అదే సంవత్సరంలో మరో నాటకం

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో ముద్రితమైంది. ప్రతాపరుద్రీయం వెలువడిందీ అదే సంవత్సరంలో. రెండు నాటకాలలోనూ వాడుకభాష ఉంది. అయినా నవ్వు పుట్టే చోట్లు వేరు.

కన్యాశుల్కంలో అందరూ వాడుకభాషే మాట్లాడతారు. అందువల్ల వాడుకభాష దానికదిగా నవ్వు పుట్టించదు. అక్కడ నవ్వు పుట్టించే భాష గిరీశం ఇంగ్లీషు. వెంకటేశానికి అది విజ్ఞానం, అతని తల్లికి అద్భుతం, చదువుకున్న ప్రేక్షకునికి డాంబికం. గిరీశం మాటకారి గనుక అతడు విట్టీ. సమయం చూడకుండా ఆ నేర్పును ప్రయోగిస్తాడు గనుక ఫెసీషియస్. తన గొప్పను తానే నమ్మే సందర్భాలలో లూడిక్రస్. ఒకే పాత్రకు మూడు విశేషణాలు వర్తించడం రచయిత నేర్పుకు గుర్తు. వాటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకొని పాత్ర మొత్తానికి అంటించడం విమర్శకుని తొందరపాటు.

రెండు నాటకాలను పక్కపక్కన పెట్టినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ఏ భాష నవ్వదగినదన్న నిర్ణయం భాషలో లేదు. రంగస్థలంమీద దాని చుట్టూ ఏ భాష ఉందన్నదానిలో ఉంది. శిష్టభాష నడుమ చాకలి మాట నవ్వు తెప్పిస్తే, వాడుకభాష నడుమ ఇంగ్లీషు నవ్వు తెప్పించింది.

7. నెల్లూరు యాస: రంగస్థలం నుంచి తెరకు

ఈ చర్చ 19వ శతాబ్దితో ముగియలేదు. నెల్లూరు ప్రాంతానికి చెందిన రమణారెడ్డి (1921–1974) తన సీమ యాసను తెలుగుతెరకు పరిచయం చేసిన నటులలో ముఖ్యుడు. ‘మిస్సమ్మ’ (1955)లో డేవిడ్, ‘మాయాబజార్’ (1957)లో చిన్నమయ పాత్రలు ఆయనకు పేరు తెచ్చాయి. సన్నని పొడవాటి దేహం, వేళ్లు తిప్పుతూ మాట విరిచే తీరు, దానికి తోడు నెల్లూరు పలుకుబడి ఆయన ప్రత్యేకత.

ఆయన నటనను వర్ణించేటప్పుడు కూడా విశేషణాలు వేరుచేయవలసి ఉంటుంది. ఆయన ఆకారం కామికల్. ఆయన కాలపరిజ్ఞానం, సంభాషణను ఎక్కడ ఆపాలో తెలిసిన నేర్పు కామిక్. అది సాధించిన కళ. డేవిడ్ పాత్ర అప్పు వంకతో ఒక ఆడపిల్లను వేధించేవాడిది. స్వభావరీత్యా అతడు నవ్వదగినవాడు కాదు. నటుని కళ వల్లనే ఆ దుష్టత్వం నవ్వుగా మారింది. పాత్రను హ్యూమరస్ అనడం తప్పవుతుంది. నటనను అలా అనడం ఒప్పవుతుంది.

యాస సంగతి మళ్లీ పేరిగాడి సమస్యనే ముందుకు తెస్తుంది. నెల్లూరివాడు నెల్లూరు యాసలో మాట్లాడితే నెల్లూరులో ఎవరూ నవ్వరు. తెరమీద కథానాయకుడు ప్రామాణికభాష మాట్లాడుతుండగా హాస్యనటుడు, ప్రతినాయకుడు మాండలికం మాట్లాడే ఏర్పాటులో యాస నవ్వుకు సంకేతమైంది. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ మాండలికాలకు తెరమీద పట్టిన గతి గురించి జరిగిన చర్చలన్నింటికీ మూలమైన ప్రశ్న ఇదే. అయితే రమణారెడ్డి విషయంలో ఒక భేదం ఉంది. యాస ఆయన సొంతం. దాన్ని ఎప్పుడు, ఎంత వాడాలో ఆయన చేతిలో ఉంది. తన మాటతో తాను నవ్వించడం వేరు, తన మాటను మరొకడు అనుకరించి నవ్వించడం వేరు. మొదటిది మేలమాడడం, రెండవది వెక్కిరించడం. ఆంగ్లంలో ఈ రెండింటినీ ఫన్నీ అనే అంటారు. ఇక్కడ తెలుగు క్రియలే ఆంగ్ల విశేషణంకంటె సూక్ష్మంగా ఉన్నాయి.

8. ఎంపికకు ప్రాతిపదికలు

పై సాక్ష్యాల నుంచి అనువాదకునికీ అధ్యాపకునికీ పనికివచ్చే మూడు ప్రశ్నలు తేలుతాయి. మొదటిది: నవ్వించినవాడికి ఆ ఉద్దేశం ఉందా? రెండవది: నవ్వు ఎవరిమీద పడుతున్నది? మూడవది: నవ్వడానికి శ్రోతకు ఏమి కావాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకున్న తరువాత విశేషణాలను కింది విధంగా వేరుచేయవచ్చు.

విట్టీ: ఉద్దేశం ఉంది. నవ్వు మాటలోని మెలికమీద పడుతుంది. శ్రోతకు చురుకైన బుద్ధి కావాలి. తెలుగులో చమత్కారి, మాటకారి. మాట అయితే ఛలోక్తి.

హ్యూమరస్: ఉద్దేశం ఉంది. నవ్వు మానవస్వభావంమీద, తరచు చెప్పేవాడిమీదే పడుతుంది. శ్రోతకు సానుభూతి కావాలి. తెలుగులో హాస్యప్రియుడు, సరసుడు. రచన అయితే హాస్యభరితం.

కామిక్, కామికల్: మొదటిదానిలో ఉద్దేశం ఉంది, రెండవదానిలో ఉండనక్కరలేదు. మొదటిదానికి ‘నవ్వించే’, రెండవదానికి ‘నవ్వు పుట్టించే’ అనే క్రియాజన్యవిశేషణాలు చాలావరకు సరిపోతాయి.

లూడిక్రస్, రిడిక్యులస్: ఉద్దేశం లేదు. నవ్వు ఆ మనిషిమీదే పడుతుంది. తెలుగులో నవ్వులపాలైన, హాస్యాస్పదమైన. రెండవ ఆంగ్లపదంలో తిరస్కారం ఎక్కువ.

ఫెసీషియస్: ఉద్దేశం ఉంది, ఔచిత్యం లేదు. ‘సమయం కాని పరాచికం’ అని వివరించి చెప్పడమే మేలు.

ఫన్నీ: ఉద్దేశాన్ని పట్టించుకోని మాట. అందుకే వాడుకలో సులభం, విమర్శలో బలహీనం. ‘తమాషా’ దీనికి దగ్గరిమాట.

ఈ జాబితా నిఘంటువుకు ప్రత్యామ్నాయం కాదు. ఏ విశేషణమైనా మనిషికి శాశ్వతంగా అంటుకొని ఉండదనీ, సన్నివేశంతోపాటు మారుతుందనీ గిరీశం, బృహన్నల పాత్రలు నిరూపించాయి. తరగతిలో పర్యాయపదాల పట్టిక ఇచ్చి కంఠస్థం చేయించడంకంటె, ఉత్తరగోగ్రహణంలో ఎవరు ఎవరిని చూసి ఎందుకు నవ్వుతున్నారో చర్చించడం ఈ భేదాలను స్థిరంగా నాటుతుంది. విద్యార్థికి కథ ముందే తెలిసి ఉంటుంది గనుక శ్రద్ధ మొత్తం విశేషణంమీద నిలుస్తుంది.

9. ముగింపు

ఆంగ్ల హాస్యవిశేషణాల భేదాలు నాలుగు శతాబ్దాల చరిత్ర ఫలితం. అదే భేదాలను తెలుగు క్రియలలోనూ, జాతీయాలలోనూ, కథాసంవిధానంలోనూ నిలుపుకుంది. తిక్కన ఘట్టంలో అవి పాత్రల జ్ఞానభేదంగా, వేదంవారి నాటకంలో భాషాభేదంగా, రమణారెడ్డి నటనలో సొంతయాసమీది అధికారంగా కనిపించాయి. ఆధునిక విమర్శ ‘హాస్యం’ అనే ఒక్క మాటను విశేషణంగా స్వీకరించడంతో ఈ భేదాలు మరుగునపడ్డాయి.

దీనివల్ల కలిగిన నష్టం పరిభాషకు మాత్రమే పరిమితం కాదు. తెలిసి నవ్వించినవాడి ప్రతిభకు గుర్తింపు తగ్గింది. తన భాష తాను మాట్లాడినవాడు నవ్వదగినవాడిగా లెక్కకు వచ్చాడు. పేరిగాడి వంటి పాత్రలను పునఃపరిశీలించేటప్పుడు ‘ఇతడు హాస్యపాత్ర’ అన్న వాక్యాన్ని ప్రశ్నగా మార్చుకోవాలి. అతడు నవ్విస్తున్నాడా, అతణ్ణి చూసి నవ్వుతున్నారా, నవ్వుతున్నవారు ఎవరు అన్నవి తేలిన తరువాతే తెలుగులోగాని ఆంగ్లంలోగాని తగిన విశేషణం దొరుకుతుంది. 19వ, 20వ శతాబ్దుల తెలుగు నాటకాలలోని ‘హాస్యపాత్రల’ను ఈ ప్రాతిపదికపై తిరిగి వర్గీకరిస్తే, మాండలికాలపట్ల తెలుగు రంగస్థలం పాటించిన వైఖరి చరిత్ర మరింత స్పష్టంగా వెల్లడవుతుంది.